కాల్‌కి కాపలా ఉంది.. మెయిల్‌కి లేదు!

ఆత్మకూరు బస్టాండ్ చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్‌లోనైనా ఓ గంట కూర్చుని చూడండి. బీటెక్ అయిపోయి ఏడాదో రెండేళ్లో అయిన పిల్లలు వస్తుంటారు. ఫోన్‌లో ఉన్న మెయిల్‌ని ప్రింట్ తీయించుకోవాలి. అది ఆఫర్ లెటర్. పైన పెద్ద కంపెనీ లోగో, కింద హెచ్ఆర్ మేనేజర్ సంతకం, గుండ్రటి సీలు. అన్నీ బాగానే ఉంటాయి. మధ్యలో ఎక్కడో చిన్న లైను ఒకటి దాక్కుని ఉంటుంది. ల్యాప్‌టాప్ కోసం ‘రిఫండబుల్ డిపాజిట్’ కట్టాలి, చేరిన నెలలోనే వెనక్కి ఇచ్చేస్తాం అని. అడిగే మొత్తం కూడా లెక్కగా ఉంటుంది. లక్ష అంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. ఏడెనిమిది వేలంటే నాన్న ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి కట్టేస్తాడు.

మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ చూసే పిల్లలకి ఈ లెటర్లు కొత్త కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని తెలిసిన ప్రతివాడూ “అన్నా, ఇది నిజమా కాదా చూడు” అని నాకు ఫార్వర్డ్ చేస్తుంటాడు. ఈ మధ్య అట్టా పంపిన ఒకడు ఇంకో ప్రశ్న కూడా వేశాడు. “ఇట్టాంటి మెయిల్ అసలు పంపకూడదని చట్టం లేదా అన్నా?”

మంచి ప్రశ్న. దానికి సమాధానం ఏందంటే, డబ్బు పోయాక చట్టం ఉంది. పోకముందు లేదు.

డబ్బు పోయాక ఐటీ చట్టం సెక్షన్ 66డి ఉంది. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పాత 420 స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన బీఎన్‌ఎస్ 318 ఉంది. కానీ అడక్కుండా లక్షల మందికి మెయిళ్లు కొట్టడం అనే పనిని, అంటే అసలు స్పామ్‌ని, ఆపే ప్రత్యేక చట్టం మన దేశంలో ఈ రోజుకీ లేదు. ఫోన్ కాల్‌కి ఉంది. ఎస్సెమ్మెస్‌కి ఉంది. మెయిల్‌కి లేదు, వాట్సాప్‌కి లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు మెయిల్ ఎట్టా నడుస్తుందో చెప్పాలి.

ఫ్రమ్ అడ్రస్ ఎవరైనా రాసుకోవచ్చు

పోస్టు కవరు గుర్తుందా? ఉదయగిరి పోస్టాఫీసు బయట ఎర్ర డబ్బాలో మీరొక ఉత్తరం వేశారనుకోండి. కవరు వెనకాల ‘పంపువారు: జిల్లా కలెక్టర్, నెల్లూరు’ అని రాస్తే డబ్బా వద్దంటుందా? అనదు. స్టాంపు ఉంటే చాలు, ఉత్తరం వెళ్లిపోతుంది. ఈమెయిల్‌ని నడిపించే ఎస్ఎంటీపీ అనే పద్ధతి కూడా అచ్చం ఇంతే. 1982లో దాన్ని తయారుచేసినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నది కొన్ని యూనివర్సిటీలు, ల్యాబ్‌లు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. పంపినవాడు తన పేరు తప్పు రాస్తాడన్న అనుమానం ఎవరికీ రాలేదు. ‘ఫ్రమ్’ దగ్గర ఏం రాస్తే అదే నమ్మేట్టు కట్టేశారు. ఇన్నేళ్లయినా పునాది అదే.

పోస్టు కవరు మీద ఒక్కటి మాత్రం మనం రాయలేం. ముద్ర. ఏ ఊర్లో పడిందో అది చెప్పేస్తుంది. మెయిల్‌కి కూడా అట్టాంటి ముద్రలు ఉంటాయి, హెడర్ అంటారు. ఏ సర్వర్ నుంచి బయల్దేరింది, మధ్యలో ఎవరి చేతులు మారింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ ముద్రల్ని మెషిన్లే చూసుకోవడానికి తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పద్ధతులు వచ్చాయి. మొదటిది ‘మా కంపెనీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది’ అని ముందే ప్రకటించే జాబితా. రెండోది మెయిల్ మీద డిజిటల్ సంతకం. మూడోది ఈ రెండూ తేడా వస్తే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే ఆదేశం. ఆఫీసులో మెయిళ్లు పంపే సిస్టమ్ చూసుకోవడం నా పనిలో ఒక భాగం కాబట్టి చెప్తున్నా, ఈ మూడూ సరిగ్గా పెట్టడం ఒక పూట పని. పెట్టని కంపెనీలు ఇంకా బోలెడు.

స్పామ్ ఆగకపోవడానికి పునాది ఒక్కటే కారణం కాదు. అసలు కారణం ఖర్చు. ఉత్తరానికి స్టాంపు కొనాలి. పదిలక్షల ఉత్తరాలు వేయాలంటే ఆస్తులమ్ముకోవాలి. మెయిల్‌కి స్టాంపు లేదు. 2008లో అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ‘స్టార్మ్’ అనే బాట్‌నెట్‌లోకి చొరబడి లెక్క తీశారు. మందుల ప్రకటనతో దాదాపు 35 కోట్ల మెయిళ్లు వెళ్తే కొనడానికి సిద్ధపడినవాళ్లు 28 మంది! కోటీ పాతిక లక్షల మెయిళ్లకి ఒక్కడు. ఏ వ్యాపారమైనా ఈ లెక్కకి మూతపడాలి. స్పామ్ మూతపడదు. ఎందుకంటే ఆ ఒక్కడు పడేదాకా మిగతా కోటీ పాతిక లక్షల మంది సమయం, డేటా, చిరాకు ఖర్చంతా మనది. పంపేవాడిది కాదు.

గ్రీన్‌కార్డుతో మొదలైన గోల

మొట్టమొదటి స్పామ్ 1978 మే 3న వెళ్లిందని చెప్తారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యుయర్క్, ఇంటర్నెట్‌కి తాతయ్య లాంటి అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. తిట్లు తిన్నాడు. అమ్మకాలు మాత్రం బాగా జరిగాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ రెండో ముక్కే కొంప ముంచింది.

అసలైన వరద 1994 ఏప్రిల్‌లో. అమెరికాలోని అరిజోనాకి చెందిన క్యాంటర్, సీగల్ అనే లాయర్ దంపతులు యూజ్‌నెట్‌లోని వేలాది చర్చా వేదికల్లో ఒకే ప్రకటన గుమ్మరించారు. ఏం ప్రకటనో తెలుసా? గ్రీన్‌కార్డ్ లాటరీకి దరఖాస్తు మేం పెట్టిస్తాం, ఫీజు కట్టండి అని! ఇంటికొకరు అమెరికా కల కనే మన తెలుగోళ్లకి ఇది చదివితే నవ్వొస్తుంది, కాస్త కడుపులో మండుతుంది కూడా. స్పామ్ పుట్టిందే మన బలహీనత మీద.

‘స్పామ్’ అనే పేరు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. అది ఒక డబ్బా మాంసం బ్రాండు. 1970లో బ్రిటిష్ టీవీలో మాంటీ పైథాన్ బృందం వేసిన హాస్య నాటికలో హోటల్‌కెళ్లి ఏం అడిగినా స్పామే వస్తుంది. వద్దన్నా వస్తుంది. ఆ పేరు ఇట్టా అతుక్కుపోయింది.

2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ ఇంకో రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు. ఇరవై ఏళ్లు దాటింది. ఈ రోజుకీ ప్రపంచంలో తిరిగే మెయిళ్లలో దాదాపు సగం స్పామే. మన ఇన్‌బాక్స్‌లో అంత కనపడటం లేదంటే ఫిల్టర్లు మింగేస్తున్నాయి కాబట్టి.

1909కి ఉన్న బలం

ఇప్పుడు మన దేశం సంగతి. కాల్స్, ఎస్సెమ్మెస్‌ల విషయంలో ట్రాయ్ నిజంగా పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2007లో ‘డు నాట్ కాల్’ జాబితా మొదలైంది. 2010లో నిబంధనలు గట్టివయ్యాయి. 2018 జులైలో వచ్చిన నిబంధనలతో, ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రతి కంపెనీ ముందే నమోదు కావాలి, పంపే పేరు నమోదు కావాలి, చివరికి మెసేజ్ మాటల నమూనా కూడా నమోదు కావాలి. 2025 ఫిబ్రవరి 12న మళ్లీ సవరించారు. అంతకుముందు స్పామ్ వచ్చిన మూడు రోజుల్లోపే ఫిర్యాదు చేయాలి, ఇప్పుడు ఏడు రోజుల దాకా టైముంది. నమోదు కాని నంబర్ల మీద ఫిర్యాదు చేస్తే ఆపరేటర్ ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి, ఇంతకుముందు నెల పట్టేది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చాలు, మొదటిసారికి ఆ నంబర్ నుంచి బయటికెళ్లే కాల్స్ 15 రోజులు బంద్. మళ్లీ చేస్తే ఏడాది పాటు అన్ని కనెక్షన్లూ కట్. డీఎన్‌డీ పెట్టుకోనివాళ్లు కూడా ఈ ఫిర్యాదు చేయొచ్చు.

మీకొచ్చే ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర చిన్న గీత, ఆ పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం గమనించారా? ‘పి’ అంటే ప్రచారం, ‘ఎస్’ అంటే సర్వీసు, ‘టి’ అంటే లావాదేవీ, ‘జి’ అంటే ప్రభుత్వం. ఇదీ ఆ నిబంధనల పుణ్యమే. ప్రచారం కాల్స్ 140తో, బ్యాంకుల సర్వీసు కాల్స్ 1600తో మొదలవ్వాలన్నదీ అంతే. కాల్స్ పూర్తిగా ఆగిపోయాయా అంటే లేదు. మామూలు పదంకెల నంబర్ల నుంచి లోన్ కావాలా సార్ అని ఇంకా మోగుతూనే ఉంటాయి. కానీ అడగడానికి ఒక చోటు ఉంది. 1909.

మెయిల్‌కి 1909 ఏది?

ఒకప్పుడు ఒక ముక్క చట్టం ఉండేది. మీలో చాలామంది ఐటీ చట్టం 66ఎ గురించి వినే ఉంటారు. ఫేస్‌బుక్‌లో కామెంట్ పెడితే అరెస్ట్ చేసిన సెక్షన్ అది. 2008 సవరణతో చట్టంలోకొచ్చి, 2009 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉన్న ఆ సెక్షన్‌లో మూడు భాగాలు. మూడో భాగం ఎవరికీ గుర్తుండదు. చికాకు పెట్టడానికి గానీ, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా తప్పుదోవ పట్టించడానికి గానీ ఈమెయిల్ పంపితే నేరం అని అది చెప్పింది. స్పామ్ మీద మనకున్నది ఆ ఒక్క వాక్యమే. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు మొత్తం 66ఎని కొట్టేసింది. కొట్టేయడం వందశాతం సరైనదే. ‘చికాకు’ అన్న ఒక్క మాటతో ఎవర్నైనా లోపలేసే చట్టం ఉండకూడదు. కానీ ఆ కంపులో పడి మూడో భాగంలోని చివరి సగం, తప్పుడు అడ్రస్‌తో మెయిల్ పంపడం, అదీ కొట్టుకుపోయింది. దాన్ని విడదీసి మళ్లీ సరిగ్గా రాద్దామని పార్లమెంటులో ఏ ప్రభుత్వానికీ ఇన్నేళ్లలో తీరిక దొరకలేదు.

ఇదేదో మనకే జరిగిందనుకోకండి. అమెరికాలోని వర్జీనియాలో జెరెమీ జేన్స్ అనే పెద్ద స్పామర్‌కి కోర్టు తొమ్మిదేళ్ల జైలు వేసింది. 2008 సెప్టెంబర్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే కొట్టేసింది. వ్యాపార మెయిళ్లకే పరిమితం చేయకుండా, పేరు దాచుకుని రాజకీయం, మతం మాట్లాడే హక్కుని కూడా తొక్కేసేట్టు రాశారని కారణం చెప్పింది. రెండు చోట్లా రోగం ఒకటే. స్పామ్ చట్టం రాయడం కష్టం కాదు. మనుషుల మాటని వదిలేసి వ్యాపారపు గుంపు మెయిళ్లని మాత్రమే పట్టుకునేట్టు రాయాలి, అదీ కిటుకు.

మిగతా దేశాలు ఏం చేశాయి

ఇక్కడ రెండు దారులు కనిపిస్తాయి. అమెరికాది ఒక దారి. 2004 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం మీరు వద్దనేదాకా వాడు పంపొచ్చు. వద్దనే లింకు ఉండాలి, పంపేవాడి అడ్రస్ నిజమైనదై ఉండాలి, సబ్జెక్ట్ లైన్‌లో అబద్ధం ఉండకూడదు. తప్పితే ఒక్కో మెయిల్‌కి 50 వేల డాలర్లకు పైనే జరిమానా పడొచ్చు. అయినా అక్కడివాళ్లే దాన్ని ‘యూ కెన్ స్పామ్’ చట్టం అని ఎగతాళి చేశారు. వద్దనే పని ప్రతిసారీ మనదే కదా మరి.

యూరప్, ఆస్ట్రేలియా, కెనడాలది రెండో దారి. ముందు అడుగు, తర్వాతే పంపు. యూరప్ 2002లోనే ఆ సూత్రం పెట్టుకుంది. ఆస్ట్రేలియా 2003లో చట్టం చేసింది. కెనడా చట్టం 2014 జులై 1 నుంచి నడుస్తోంది, కంపెనీలకి కోటి డాలర్ల దాకా జరిమానా. నాకడిగితే మనకి కావాల్సింది ఈ దారే. ఇంగ్లిష్‌లో ఉన్న ‘అన్‌సబ్‌స్క్రైబ్’ బటన్ వెతుక్కుని నొక్కడం మా పెద్దమ్మ వల్ల కాదు. పైగా మోసం మెయిల్‌లో ఆ బటనే ఉచ్చు. నొక్కితే ఈ అడ్రస్‌లో మనిషున్నాడు, చదువుతున్నాడు అని వాడికి తెలిసిపోతుంది.

ఒక తమాషా చెప్తా. మన చట్టసభలు చేయని పని 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ చేశాయి. జీమెయిల్ వాడేవాళ్లకి రోజుకి ఐదు వేలకి మించి మెయిళ్లు పంపే ప్రతివాళ్లూ పైన చెప్పిన మూడు పద్ధతులూ పెట్టుకోవాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపేసే బటన్ ఉండాలి, వెయ్యి మెయిళ్లకి ముగ్గురు స్పామ్ అని కొడితే హద్దు దాటినట్టే. మా ఆఫీసుల్లో ఏ చట్టానికీ పెట్టనంత పరుగు ఆ నెలలో పెట్టారు. ఫలితం మంచిదే. కానీ కోట్ల మంది భారతీయుల ఇన్‌బాక్స్‌కి కాపలా నియమాలు కాలిఫోర్నియాలో రాస్తున్నారు. వాటిలో తప్పుంటే మనం ఎవర్ని అడగాలి?

చెక్క గరిటె మీద ఫోన్ నంబర్

మన దగ్గర డేటా చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2023 ఆగస్టులో డీపీడీపీ చట్టం, 2025 నవంబర్‌లో దాని నిబంధనలు. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి ఆ నిబంధనల్లోనే ఏడాదిన్నర గడువిచ్చారు. అనుమతి లేకుండా మన వివరాలు వాడకూడదు, పెద్ద తప్పుకి 250 కోట్ల దాకా జరిమానా. స్పామ్‌కి ముడిసరుకు మన నంబర్లు, మెయిల్ ఐడీల జాబితాలే కాబట్టి ఇది మంచి ఆయుధమే. అయితే రెండు చోట్ల నాకు గుచ్చుకుంటుంది.

ఒకటి, ఆ జరిమానా మొత్తం కేంద్ర ఖజానాకి పోతుంది. డేటా లీకై నష్టపోయినవాడికి పైసా రాదు. నష్టపరిహారం అడగడానికి పాత ఐటీ చట్టంలో ఉన్న 43ఎ సెక్షన్‌ని కూడా కొత్త చట్టం తీసేస్తోంది.

రెండోది ఉదయగిరికి సంబంధించింది. ఇక్కడి చెక్క గరిటెలు, చెంచాలు తెలియనివాళ్లు మన జిల్లాలో ఉండరు. జీఐ గుర్తింపు కూడా వచ్చిన పనితనం. చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇప్పుడు ఆర్డర్ రావాలంటే ఫోన్ నంబర్ నలుగురికీ తెలియాలి. ప్యాకెట్ మీదో, ఫేస్‌బుక్ పేజీలోనో పెట్టుకోక తప్పదు. కొత్త చట్టం ఏమంటుందంటే, మనంతట మనమే అందరికీ తెలిసేట్టు పెట్టిన వివరాలకి ఈ చట్టం వర్తించదు. అంటే నంబర్ బయటపెట్టి బతకాల్సినవాళ్లకే రక్షణ తక్కువ. లింక్డ్‌ఇన్‌లో, జాబ్ పోర్టళ్లలో మెయిల్ ఐడీ అందరికీ కనపడేట్టు పెట్టుకున్న మన బీటెక్ పిల్లలదీ ఇదే కథ. ‘ఆర్మీ ఆఫీసర్‌ని, మా యూనిట్‌కి పెద్ద ఆర్డర్ కావాలి, అడ్వాన్స్ కోసం ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి’ అనే మోసం దేశమంతా చిన్న వ్యాపారుల మీద ఏళ్లుగా నడుస్తోంది. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదన్న చిన్న సంగతి తెలియకపోతే ఒక నెల కష్టం పోయినట్టే.

ఇక వాట్సాప్. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో కూడా ‘ఏపీకే’ ఫైళ్లు తిరుగుతున్నాయి. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్ మూట. విప్పి ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే ఓటీపీలు నేరుగా వాడికి పోతాయి. కృష్ణదేవరాయలంతటివాడు ఉదయగిరి కోట పట్టుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేయాల్సొచ్చింది, 1514లో గానీ చేతికి రాలేదు. అదే కొండ కింద ఇంట్లోకి దూరడానికి ఇప్పుడు ఒక ఫైలు చాలు.

ప్రభుత్వమే 2025 జనవరి 30 నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలిస్తోంది. మంచి పని, కాదనను. సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ వాట్సాప్‌లో ప్రభుత్వం మాట్లాడుతుందని జనానికి అలవాటయ్యాక, దొంగ కూడా ప్రభుత్వంలా మాట్లాడతాడు. మన మిత్ర నంబర్ 95523 00009. ఇది ప్రతి సచివాలయం గోడ మీదా పెద్దక్షరాల్లో ఉండాలి. ట్రాయ్ స్పామ్ నిబంధనలు వాట్సాప్‌కి వర్తించవు కాబట్టి ఇక్కడ 1909 కూడా మనల్ని కాపాడదు.

అవతల ఉన్నదీ మనవాళ్లే కావొచ్చు

ఇంత సాంకేతికం మాట్లాడాక ఒక మనిషి సంగతి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు డబ్బు తీసుకుని యువకుల్ని కాంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంలోని వాళ్లకే మోసపు కాల్స్, మెసేజ్‌లు చేయించారు. ఆ నెలలోనే అక్కడ చిక్కుకున్న భారతీయులు కొందరు తిరగబడ్డారు. కొంతమంది తెలుగు పిల్లలు విశాఖ ఎయిర్‌పోర్టులో దిగి ఇంటికి చేరారు. అంటే నెట్ సెంటర్‌లో దొంగ ఆఫర్ లెటర్ ప్రింట్ తీయించుకునే కుర్రాడికీ, ఆ లెటర్ పంపే కుర్రాడికీ మధ్య తేడా ఒక్కోసారి విమానం టికెట్ మాత్రమే. ఇద్దరూ ఒకే అబద్ధపు ఉద్యోగానికి పడ్డవాళ్లు.

అందుకే ఒక్క దేశం చట్టంతో ఇది తెగదు. 2008 నవంబర్ 11న కాలిఫోర్నియాలో మెక్‌కోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీకి ఇంటర్నెట్ తీసేస్తే, రాత్రికి రాత్రి ప్రపంచ స్పామ్ సగానికి పైగా పడిపోయింది. నెలల్లోనే మళ్లీ ఎక్కేసింది, వేరే దేశాల సర్వర్ల నుంచి. సైబర్ నేరాల మీద దేశాలు కలిసి పనిచేసే 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో మనం చేరలేదు. 2024 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది. కానీ పక్క దేశం వాడిని పట్టివ్వమని అడగాలంటే ముందు మన దగ్గర అది నేరమై ఉండాలి కదా! మెయిల్ స్పామ్ విషయంలో మనం అడగడానికి కూడా నోరు లేనివాళ్లం.

నేను అడిగే చట్టం పెద్దదేం కాదు. వ్యాపారం కోసం గుంపుగా పంపే మెసేజ్, అది కాల్ అయినా మెయిల్ అయినా వాట్సాప్ అయినా, ముందు అనుమతి లేకుండా పంపకూడదు. పంపేవాడు పేరు దాచకూడదు. టెలికం చట్టం 2023లోని 28వ సెక్షన్ ముందస్తు అనుమతి గురించి ఇప్పటికే మాట్లాడుతోంది, మెయిల్‌ని కూడా ఆ గొడుగు కిందికి తేవడం అసాధ్యమేం కాదు. జైలు కంటే జరిమానా మేలు. అందులో కొంత డబ్బు పోగొట్టుకున్నవాడికి చేరాలి. పంపినవాడితో పాటు జాబితా అమ్మినవాడూ కట్టాలి. ఫిర్యాదు తెలుగులో, ఫోన్‌లో ఒక నొక్కుతో అయిపోవాలి. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రం దాదాపు వంద కిలోమీటర్లు. ఎనిమిది వేలు పోయినవాడు కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు?

చట్టం వచ్చేదాకా చేయగలిగింది కొంత ఉంది. ఆఫర్ లెటర్ మెయిల్ వస్తే ల్యాప్‌టాప్‌లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల మీద నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఎదురుగా ‘పాస్’ అని ఉందా, ఏ డొమైన్‌కి పాస్ అయిందో చదవండి. పాస్ అయినంత మాత్రాన కంపెనీ నిజమని కాదు. ఆ డొమైన్ పేరు నిజమని మాత్రమే. కంపెనీ పేరుకి ‘కెరీర్స్’ అనో ‘హైరింగ్’ అనో తోక తగిలించి ఎవడైనా కొత్త డొమైన్ కొనొచ్చు. కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న పేరుతో అక్షరం అక్షరం పోల్చాలి. ఉద్యోగానికి డబ్బు అడగమని పెద్ద ఐటీ కంపెనీలు తమ కెరీర్స్ పేజీల్లో రాసే పెట్టాయి.

స్పామ్ కాల్, ఎస్సెమ్మెస్ అయితే ఏడు రోజుల్లోపు 1909కి గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ చెప్పండి. డబ్బు అడుగుతున్నట్టు, మోసంలా అనిపిస్తే, వాట్సాప్‌లో వచ్చినా సరే, సంచార్ సాథీలో ‘చక్షు’ ఉంది. డబ్బు పోతే మాత్రం ఎవర్నీ అడగొద్దు, నాకు ఫార్వర్డ్ చేయొద్దు. వెంటనే 1930కి ఫోన్ కొట్టండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే.